రైతు వెంట నుండదగిన చిన్న చాకు

సేద్యపు పనిముట్లను గూర్చి తలచునపుడు నాగలి, గుంటక, కొడవలి, పార మొదలగునవి మనకు ముందుగా స్ఫురించును. ట్రాక్టరును, మోటారును నేటి రైతునకు పరిచితములే. కాని తెల్లవారినది మొదలు ప్రొద్దుగూకు వరకు రైతు పలుమారులు చేత బట్టు పనిముట్టు వీనిలో నేదియు గాదు. అది జేబులోనో, మొలలోనో ఇమిడియుండు చిన్న చాకు. ఎరువు బస్తా కుట్టు విప్పుటకు, నారుకట్ట తాడు కోయుటకు, బిందుసేద్యపు గొట్టమును సరిజేయుటకు, తీగకూరల పందిరికి పురికొస తెంచుటకు, పక్వము చూడ మామిడికాయను చీల్చుటకు, పలుపు చిక్కుకొన్న దూడను విడిపించుటకు, దానిపైననే ఆధారపడుదుము.

ఇంతగా వాడుకొను వస్తువును కొనునపుడు మాత్రము మనము తగిన శ్రద్ధ వహింపము. సంతలో మెరుపు చూచి, బేరము కుదిరినంతనే జేబులో వేసికొందుము. ఆ చాకు పని నడుమ వ్రేలిపై మూసికొన్నను, ఒక చెట్టు తెగులును తోటయంతటికి మోసినను కలుగు నష్టము దాని వెలకు పెక్కురెట్లుండును. కావున చాకు నెంచుకొను విధమును, కాపాడుకొను పద్ధతిని, దానితో చేయరాని పనులను సంఘ సభ్యులకు విన్నవించుట ఈ వ్యాసము ఉద్దేశము.

పరిమాణము

గోటితో పోవుదానికి గొడ్డలి యెందుకని మన పెద్దల మాట. నిత్యము వెంట నుంచుకొను చాకునకు ఇదియే మొదటి సూత్రము. చాకు అలుగు మన అరచేతి వెడల్పును మించనక్కరలేదు. రెండున్నర మొదలు మూడుంబావు అంగుళముల అలుగు రైతు నిత్యకృత్యములకు చాలును. అంతకు పొడవైనచో జేబున బరువగును. మొన ఎక్కడ నున్నదో కంటికి గాని చేతికి గాని చక్కగా తెలియదు. రెండంగుళములకు తక్కువయైనచో బస్తాత్రాడు, గొట్టము వంటివానిని ఒక్క పెట్టున కోయజాలదు.

అలుగు మందము వెన్నువద్ద 2 మిల్లీమీటర్లు, లేక కొంచెము హెచ్చు ఉండవచ్చును. మందమైన అలుగు గట్టిదని కొందరు తలంతురు. చీల్చుటకు మందము మంచిదే కాని, కోయుటకు పలుచనిదే మేలు. మందమైన చాకు కాయను కోయక పగులగొట్టును. చాకు మొత్తము బరువు నూరు గ్రాములకు లోపుగా నున్నచో రోజంతయు వెంట నున్నను భారమనిపింపదు. ఇంట విడిచి వచ్చిన గొప్ప చాకుకంటె జేబులోనున్న చిన్న చాకే అక్కరకు వచ్చునది.

ఉక్కు

చాకునకు ప్రాణము ఉక్కు. ఇనుములో కర్బనము కలియుటచే ఉక్కగును. నూటికి 0.3 పాళ్లకు తక్కువ కర్బనమున్న మెత్తని ఇనుమును ఎంత కాచి నీట ముంచినను చాలినంత గట్టిపడదు. చాకులకు సాధారణముగా 0.5 మొదలు 1 పాలు వరకు కర్బనముండవలెను. మన కమ్మరులు లారీ కమాను పట్టీలతోను, అరిగిన ఆకురాళ్లతోను కత్తులు చేయుటకు కారణమిదియే. వానిలో తగిన కర్బనము కలదు.

ఉక్కు విషయమున మనవారు వెనుకబడినవారు గారు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మూసలలో కరగించి చేసిన ఉక్కును కొనుటకై పారసీక వర్తకులు వచ్చుచుండిరి. అచ్చటి పద్ధతిని 1820వ దశాబ్దికి ముందు వెనుకల స్వయముగా చూచిన వాయిసీ అను ఆంగ్లేయుని వర్ణనము 1832లో అచ్చుపడినది. డమాస్కసు కత్తులని పేరుగొన్నవానికి ఇట్టి దక్షిణదేశపు ఉక్కే మూలము.

నేడు అంగడిలో దొరకు చాకులు రెండు తెగలు. మొదటిది కర్బనపు ఉక్కు. ఇది సులభముగా పదునెక్కును. ఒక సాధారణమైన సానరాయితో ఇంటనే వాదర పెట్టుకొనవచ్చును. కాని తడి తగిలిన త్రుప్పు పట్టును. మామిడిసొన, చింతపండు, నిమ్మరసము తగిలినంతనే నల్లబడును. ఈ నలుపు త్రుప్పు గాదు. దానివలన హాని లేదు. ఎఱ్ఱని త్రుప్పు మాత్రము వెంటనే రుద్ది తీయవలెను.

రెండవది త్రుప్పుపట్టని ఉక్కు, అనగా స్టెయిన్‌లెస్ స్టీలు. 1913లో ఇంగ్లాండు దేశమున షెఫీల్డు నగరమందు హ్యారీ బ్రేర్లీ అను నాతడు నూటికి 13 పాళ్లకు దగ్గరగా క్రోమియము కలిపి ఇట్టి ఉక్కును పోసెను. చెమటలోను, వరిమడి తడిలోను మెలగు రైతునకు ఇది సౌకర్యము. ఐతే ఇదియు ఎన్నటికిని త్రుప్పుపట్టదని తలపరాదు. ఉప్పునీటను, ఎరువుల నీటను నానవిడిచిన మచ్చలు పడును.

ఇచ్చట నొక భ్రమను తొలగింపవలసియున్నది. అయస్కాంతమునకు అంటినచో అది అసలైన స్టెయిన్‌లెస్ కాదని సంతలో కొందరు చెప్పుదురు. అది వంటపాత్రల విషయమున కొంతవరకు చెల్లును. పాత్రలలో నికెలు కలియుటచే అవి అయస్కాంతమునకు సామాన్యముగా అంటవు. కాని ఆ పాత్రల ఉక్కు కాచి చల్లార్చినంత మాత్రమున గట్టిపడునది కాదు. చాకునకు వాడు స్టెయిన్‌లెస్ అయస్కాంతమునకు అంటును. కావున ఉక్కు అలుగు అయస్కాంతమునకు ఏమాత్రము అంటనిచో, దాని వాదర నిలుచునాయని సందేహింపవలెను.

ఉక్కు కాఠిన్యమును రాక్‌వెల్ అను కొలమానమున తెలుపుదురు. పెట్టెపై 54 మొదలు 58 వరకు అంకె యున్నచో అది రైతునకు అనుకూలము. 60 దాటినవి ఎక్కువ కాలము పదును నిలుపును గాని, సాన పట్టుట కష్టము. మేకునకు తగిలిన వాదర పెచ్చు లేచును.

మడత, గడియ

చాకును ఎట్లు తెరచి, ఎట్లు నిలుపుదుమనునది వ్రేళ్ల క్షేమమునకు సంబంధించిన సంగతి. మడత చాకులు ముఖ్యముగా మూడు విధములు.

స్ప్రింగు బిగువు మాత్రమే కలిగి, గడియ లేనివి మొదటి విధము. తేలికపనికి ఇవి చాలును. కాని మొనతో పొడిచి త్రిప్పునపుడు అలుగు వెనుకకు మడిగి వ్రేళ్లపై పడవచ్చును. వెన్నుపైనో, పిడిలోపలనో గడియ కలిగి, అలుగు తెరచుకొనినంతనే తనకు తానే బిగియునవి రెండవ విధము. పిడి కొనయందలి లోహపు కట్టును చేతితో త్రిప్పి బిగించునవి మూడవ విధము.

ఈ మూడవ విధమునకు ప్రసిద్ధమైన యుదాహరణము ఫ్రాన్సు దేశపు సవాయి ప్రాంతమందలి ఒపినెల్ చాకు. 1890లో జోసెఫ్ ఒపినెల్ అను నాతడు కొండపల్లెల రైతులకును, పనివారికిని తగినట్లుగా కొయ్యపిడితో దీనిని చేసెను. 1955లో ఆ కుటుంబమువారే దీనికి త్రిప్పుడు కట్టును చేర్చిరి. వీనిలో 8వ నెంబరు చాకు అలుగు 8.5 సెంటీమీటర్లు. ఒక కొయ్యపిడి, ఒక అలుగు, ఒక మేకు, రెండు లోహపు కట్లు. ఇంతియే దాని నిర్మాణము. మంచి చాకునకు ఆడంబర మక్కరలేదనుటకు ఇది నిదర్శనము. కొయ్యపిడి తడిసిన నుబ్బి అలుగు తెరచుకొనుట కష్టమగుట దీని లోపము.

మడత లేని చిన్న కత్తిని ఒరలో పెట్టుకొనుట నాలుగవ మార్గము. మట్టి, బురద చేరుటకు కీలు లేనందున ఇది మిక్కిలి దృఢమైనది, కడుగుట సుళువు. దుక్కిలోను, వరిమడిలోను పనిచేయువారికి ఇదియే మేలు. ఒర మాత్రము మొన బయటికి పొడుచుకొనిరాని గట్టి తోలుతో నుండవలెను.

రైతు సోదరులు గడియగల మడత చాకునైనను, ఒరగల చిన్నకత్తినైనను ఎంచుకొనుట క్షేమము. గడియ యున్నదను ధైర్యముతో చాకును సనకోలగా వాడరాదు. ఏ గడియయు అట్టి బలమును తాళజాలదు.

ఇక కత్తెర, రంపము, మరచుట్టు పనిముట్టు మొదలగునవి కలిపిన బహుసాధనపు చాకులు కలవు. వీనిలో పేరెన్నికగన్నది స్విట్జర్లాండు చాకు. 1891లో కార్ల్ ఎల్సెనర్ అను చాకుల పనివాడు తోటి పనివారిని ఒక సంఘముగా గూర్చి ఆ దేశపు సైనికులకు చాకులను సమకూర్చెను. అంతకుముందు వారికి అవి జర్మనీనుండి వచ్చుచుండెడివి. విడివిడిగా నున్న పనివారు సంఘముగా కూడి పనికి పూనిన ఈ కథ మనవంటి సహకార సంఘములవారికి ఉత్సాహకరము. మోటారు, స్ప్రేయరు తరచుగా విప్పుకొనువారికి ఇట్టి చాకు ఉపకరించును. తక్కినవారికి పరికరములు పెరిగినకొలది సందులలో మట్టి చేరుటయే మిగులును.

అంగడిలో చేయవలసిన పరీక్ష

కొనుటకు ముందు ఈ క్రింది పరీక్షలు చేయుడు. అయిదు నిమిషముల పని.

1. అలుగును తెరచి, మొనను పట్టుకొనక వెన్నును పట్టుకొని ఇరువైపులకు కదలింపుడు. కీలువద్ద ఊగులాట యున్న చాకును విడువుడు. నేటి ఊగులాట మరుసటేటికి రెట్టింపగును.

2. గడియ వేసి, వాదర దారిలో వ్రేళ్లు లేకుండ పట్టుకొని, వెన్నును మెల్లగా బల్లపై తట్టుడు. గడియ జారినచో అది ఎంత చౌకయైనను కొనదగదు.

3. మూసి చూడుడు. మొన పిడిలో పూర్తిగా దాగవలెను. మొన బయటికి కనబడు చాకు జేబును, తొడను చీల్చును.

4. వాదరను వెలుతురుకు ఎదురుగా పట్టుడు. పదునైన వాదరపై వెలుగు నిలువదు. ఎచ్చటనైన తెల్లని గీత మెరసిన, అచ్చట మొద్దు.

5. తడిచేతితో పిడిని పట్టి చూడుడు. నున్నని లోహపు పిడి చెమటకు జారును. గీతలుగల కొయ్య, కొమ్ము, గట్టి ప్లాస్టిక్కు పిడులు మేలు. పిడి రంగు ఎఱ్ఱగానో, పసుపుగానో ఉన్నచో గడ్డిలో పడినను కనబడును. గడ్డివాములో పోయిన చాకు పశువు నోటబడకుండుటకు ఈ జాగ్రత్త యవసరము.

పదును

మొద్దు చాకు పదును చాకుకంటె ప్రమాదకరము. ఏలయన మొద్దు చాకునకు బలము హెచ్చుగా వాడవలసివచ్చును. అది జారినపుడు ఆ బలమంతయు చేతిపై పడును.

సానరాళ్లు రెండు చాలును: గరుకుది 400 నెంబరు, నున్ననిది 1000 నెంబరు. రాయిని నీట తడిపి, అలుగును రాతిపై సుమారు 20 డిగ్రీల వాలున నిలుపవలెను. ఆ వాలును కనుగొనుట కష్టము గాదు. అలుగును నిలువుగా బెట్టి, అందులో సగము వాల్చి, మిగిలినదానిలో మరల సగము వాల్చినచో ఇంచుమించు అంతయే యగును. ఒక వైపున సమముగా లాగుచు, రెండవ వైపున సన్నని గరుకు అంచు వ్రేలికి తగులు వరకు సాన పట్టి, పిదప రెండవ వైపును అట్లే చేయవలెను. కడపట పాత తోలుపట్టీపై వెన్ను ముందుగా పదిమార్లు లాగిన ఆ గరుకు రాలిపోవును.

తిరుగుడు సాన చక్రముపై నీరు లేకుండ పట్టించుట తగదు. ఆ వేడికి వాదర నీలిరంగు తిరుగును. కర్బనపు ఉక్కు నీలిరంగు తిరిగినదనగా 300 డిగ్రీల సెంటీగ్రేడు వరకు కాగినదని యర్థము. అట్లు కాగినచోట ఉక్కునకు కమ్మరి పెట్టిన నీరు దిగిపోయి, వాదర మెత్తబడును. పిమ్మట ఎన్ని సానలు పట్టినను పదును నిలువదు.

పని ముగిసినంతనే చాకును తుడిచి, ఆరబెట్టి, అలుగునకు కొబ్బరినూనె చుక్క పూయవలెను. కీలునకు కుట్టుమిషను నూనె మంచిది. వంటనూనె కీలులో జిగురుకట్టును.

తోటలో చాకు వలన కలుగు తెగులు

తోటల రైతులు ఈ భాగమును ప్రత్యేకముగ గమనింప వేడుచున్నాము. అంటు కట్టుటకును, కన్ను అంటు వేయుటకును వాడు చాకు వేరుగా నుండవలెను. బస్తాలు, గొట్టములు కోయు చాకుతో అంటుకోత కోయరాదు. కోత నున్నగా నున్ననే వేరుమొక్క, అంటుపుల్ల చక్కగా నతుకుకొనును; మొద్దు చాకు కోతలో కణములు నలిగి అంటు ఎండిపోవును.

సాతుగుడి బత్తాయికి రంగపూరు నిమ్మను వేరుమొక్కగా వాడుట మన ప్రాంతమున పరిపాటి. ఈ రంగపూరు నిమ్మకు ఎక్సోకార్టిస్ అను తెగులు సోకును. వేరుమొక్క భాగమున బెరడు పగిలి, పెచ్చులూడి, చెట్టు గిడసబారును. దీనికి కారణమగునది వైరసుకంటెను సూక్ష్మమైన వైరాయిడు అను పదార్థము. అది కోతచాకుపై నంటి ఒక చెట్టునుండి మరియొక చెట్టునకు పోవును. చెట్టు నాటిన కొన్ని యేండ్లకు గాని బెరడుపై లక్షణము కనబడదు. కనబడిన పిదప మందు లేదు. రైతు పెట్టిన యెరువు, నీరు, కాలము అన్నియు నిష్ఫలములగును.

అలుగును క్షణకాలము మంటపై చూపుటయు, స్పిరిటుతో తుడుచుటయు ఈ వైరాయిడును నశింపజేయజాలవు. దీనిని చంపునది సోడియము హైపోక్లోరైటు. అంగడిలో దొరకు 5 శాతపు ద్రావణము ఒక పాలు, మంచినీరు నాలుగు పాళ్లు కలిపిన 1 శాతపు ద్రావణమగును. ఒక చెట్టు కోసి మరియొక చెట్టును ముట్టుటకు ముందు అలుగును అందులో ముంచి తీయవలెను. ద్రావణమును ఏ రోజున కారోజు కొత్తగా కలుపుకొనవలెను. ఇది ఉక్కును త్రుప్పుపట్టించును గనుక సాయంకాలము మంచినీట కడిగి, తుడిచి, నూనె రాయవలెను. ద్రావణము కన్నులకు తగులనీయరాదు, ఆమ్లములతో కలుపరాదు. కూలికి వచ్చి కొమ్మలు కత్తిరించువారి పనిముట్లకును ఈ నియమమే వర్తింపజేయుడు. వారు నిన్న ఏ తోటలో పనిచేసిరో ఆ తోట తెగులు నేడు మీ తోటకు రావచ్చును.

చాకుతో చేయరాని పనులు

పాము కరచిన చోట చాకుతో గాటు పెట్టుట మన పల్లెలలో చిరకాలమునుండి యున్న యలవాటు. ఇది మిక్కిలి హానికరము. గాటువలన విషము బయటికి రాదు, రక్తస్రావము హెచ్చును, నరములు తెగవచ్చును, చీము పట్టును. రక్తపింజర కాటునకు రక్తము గడ్డకట్టు గుణమే పోవును గనుక ఆ గాటే ప్రాణాపాయము కావచ్చును. కట్టు బిగించుట, నోట పీల్చుట కూడదు. కాటుబడిన యవయవమును కదలనీయక, రోగికి ధైర్యము చెప్పి, పాము విషమునకు విరుగుడు మందున్న ఆసుపత్రికి తక్షణమే చేర్పవలెను. చాకు అప్పుడు జేబులోనే యుండవలెను.

విద్యుత్తు మోటారు తీగలను చాకుతో గీకి కలుపుట రెండవ తప్పు. రైతు చాకుల పిడులు విద్యుత్తును ఆపుటకై చేసినవి గావు. పశువునకు కడుపుబ్బినపుడు చాకుతో పొడుచుట మూడవది. దానికి వేరు సాధనము కలదు, పొడువవలసిన తావు కలదు. అది పశువైద్యుని పని.

చేతికి గాయమైనచో సబ్బుతోను, పారునీటితోను కడిగి, శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టవలెను. ధనుర్వాతపు క్రిములు మట్టిలోను, పేడలోను నుండును. కావున త్రుప్పు లేని చాకు గాయమే కదా యని ఉపేక్షింపక, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున ధనుర్వాతపు టీకా అవసరమో కాదో తెలిసికొనవలెను.

చట్టము

1959 నాటి ఆయుధముల చట్టమును, 2016 నాటి ఆయుధముల నియమములును మన దేశమున అమలులో నున్నవి. 9 అంగుళములకు మించిన పొడవుగాని, 2 అంగుళములకు మించిన వెడల్పుగాని గల అలుగు కత్తులు ఆయుధములలో చేరును. గృహ, వ్యవసాయ, శాస్త్ర, పారిశ్రామిక ప్రయోజనములకై చేసినవానికి మినహాయింపు కలదు. మనము చెప్పిన మూడంగుళముల చాకు ఈ హద్దునకు చాల లోపలిదే. ఐనను కొన్ని తావులందు ప్రత్యేక ప్రకటనలు గలవు. ఢిల్లీలో 1980 నాటి ప్రకటన ప్రకారము మీటనొక్కినంతనే తెరచుకొను చాకులు 7.62 సెంటీమీటర్ల పొడవునకే నిషిద్ధములగును. రైతునకు అట్టి మీట చాకులతో పనిలేదు. వానిని కొనకుండుటయే మంచిది. కచేరీకి, సభలకు, జాతరలకు పోవునపుడు చాకును ఇంటనే యుంచుడు. విమానమున పోవువారు చేతిసంచిలో చాకును ఉంచరాదు. సరకుతో పంపు పెట్టెలో పెట్టవలెను.

సంఘము చేయదగినది

ఒక్కొక్క రైతు విడిగా సంతలో కొనుటకంటె సభ్యులు తమ అవసరములను సంఘమున తెలిపి, నాలుగైదు నమూనాలను తెప్పించి, పై పరీక్షలు చేసి, అందరికొకేసారి కొనినచో సరకు నాణ్యమును నిశ్చయించుకొనవచ్చును, వెలయు తగ్గవచ్చును. మన గ్రామపు కమ్మరియే మంచి ఉక్కుతో ఒరకత్తులు చేయగలిగినచో ఆ పని అతనికే యిచ్చుట మేలు. సంఘ కార్యాలయమున ఒక జత సానరాళ్లు, తోటల రైతులకై హైపోక్లోరైటు ద్రావణము నిలువ యుంచుట పెద్ద ఖర్చు గాదు. అంటుల కాలమునకు ముందొక దినము సభ్యులందరు చాకులు తెచ్చి సాన పట్టు పద్ధతిని నేర్చుకొనవచ్చును.

చాకు చిన్నది. దాని వెల స్వల్పము. కాని పదునైన వాదర, ఊగని కీలు, జారని గడియ, శుభ్రమైన అలుగు, ఈ నాలుగును గల చాకు రైతు చేతిని, చెట్టును, పశువును కాపాడును. సభ్యులు ఈ నెలలోనే తమ జేబులోని చాకును ఒక్కమారు తెరచి పరీక్షించుకొందురు గాక.